సాయిబు తెలుగు

సినిమావాళ్ల లెక్క ప్రకారం నేను ఏనాడో చచ్చిపోయి ఉండాలి. హిందువుల అమ్మాయి ముస్లిం అబ్బాయిని ఇష్టపడితే ఆఖరి రీలులో ఊరు తగలబడాలి. ఇటునుంచి ఒక గుంపు, అటునుంచి ఒక గుంపు రావాలి. మధ్యలో ఆ పిల్లకి రాయో కత్తో తగలాలి. ప్రాణం పోయేముందు ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి వెతుక్కోవాలి. అది చూసి రెండు గుంపులూ కర్రలు కింద పడేసి తలలు దించుకోవాలి. నేను చావలేదు. నాచారంలో రెండు గదుల ఇంట్లో కాపురం చేశాను, బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పాను, బియ్యంలో రాళ్లు ఏరుకున్నాను. నా పెళ్లికి ఎవరూ కర్ర ఎత్తలేదు. మా అమ్మ తలుపు వేసుకుంది, అంతే. ఒకావిడ తలుపు వేసుకుంటే దాని మీద ఎవరు సినిమా తీస్తారు?

చావు తప్పించుకోవడానికి ఆ సినిమాల్లో ఇంకో దారి కూడా ఉండేది. అబ్బాయి మెడలో తాయెత్తు విప్పితే, వాడు చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన హిందువుల బిడ్డ అని తేలిపోయేది. ఇంకేముంది, అక్షింతలే. అలాంటి సినిమా చూసొచ్చిన రోజు మా ఆయన్ని ఏడిపించేదాన్ని. "ఏమండీ, మీ తాయెత్తు కూడా ఓసారి విప్పి చూడండి, మా అమ్మ సంతోషిస్తుంది" అనేదాన్ని.

"మా అమ్మ నన్ను నాచారంలనే కన్నది టీచరమ్మా. సాచ్చెం జెప్పెటోళ్లు గల్లీ నిండ ఉన్నరు" అనేవాడు. పెళ్లయినా ఆయన నన్ను టీచరమ్మా అనే పిలిచేవాడు.

అమ్మ కోపం ఒక్క మతానిదే అయితే, ఆ రోజుల్లో పుట్టినదాన్ని కనుక, నాకు అర్థమయ్యేది. అందులో సగం తెలుగు గొడవ. అదెలాగో చెప్పాలంటే మేం ఉప్పల్ వచ్చిన రోజుల దగ్గరికి వెళ్లాలి.

నాన్న ప్రభుత్వ గుమస్తా. మాది గుంటూరు వైపు. ఉద్యోగం కర్నూల్లో. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకి మారినప్పుడు ఫైళ్లతో పాటు మేమూ వచ్చిపడ్డాం. పట్నంలో అద్దెలకి భయపడి నాన్న ఉప్పల్లో ఒక వాటా తీసుకున్నాడు. ఇంటావిడ పక్క వాటాలోనే ఉండేది. నుదుట రూపాయంత బొట్టు, మెడలో పుస్తెలు. కానీ నోరు తెరిస్తే దవాఖానా అనేది, పరేషాన్ అనేది, జర ఆగమనేది. అమ్మ గాభరా పడిపోయింది. "బొట్టు పెట్టుకుంటే ఏమైంది, వీళ్లు సాయిబులేనండీ" అని నాన్న చెవిలో చెప్పి, ఆవిడకి మంచినీళ్లివ్వడానికి విడిగా ఒక సత్తు గ్లాసు పెట్టింది.

ఆ సంగతి ఇంటావిడకి తెలియనే తెలిసింది. నడివాకిట్లో నిలబడి దులిపేసింది. "ఏందమ్మా, ఏటేటా ఎల్లమ్మకు బోనమెత్తే ఇల్లు మాది! నీ కండ్లకు నేను సాయిబులోల్ల లెక్క గొడుతున్ననా? మాటను జూసి మనిషికి గ్లాసు వెడతవా?"

అమ్మకి తల తీసేసినట్టయింది. ఆ సిగ్గులో ఇంకో తీర్మానానికి వచ్చేసింది. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లంతా మనవాళ్లే, ఎంత ఉర్దూ కలిసినా మనవాళ్లే. సాయిబులైతే వాళ్ల భాషే మాట్లాడతారు, లేదా సినిమాల్లో లాగా వచ్చీరాని తెలుగు మాట్లాడతారు. ఇక పొరపాటు పడే సమస్యే లేదనుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకి మా వాటాకి కరెంటు వచ్చింది. వైర్లు లాగడానికి వచ్చినవాడు నాచారం మిల్లులో ఎలక్ట్రీషియన్. ఖాకీ చొక్కా, నున్నటి గడ్డం, నెత్తిన ఏమీ లేదు. "అమ్మా, స్విచ్చు గీడ పెట్టాల్నా, గాడ పెట్టాల్నా?" అని అమ్మని అడిగాడు. అమ్మ ఆయనకి కరెంటబ్బాయి అని పేరు పెట్టేసింది. పనివాణ్ని పనిపేరుతో పిలవడమే మా ఇంట్లో అలవాటు. పాల మనిషి, చాకలి మనిషి, కరెంటబ్బాయి. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచదు. ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఆయన వచ్చేవాడు. అమ్మ ఇంట్లోవాళ్లు తాగే కంచు గ్లాసులోనే మజ్జిగ పోసి, "ఎండలో పడొచ్చావు, తాగు బాబూ" అనేది. మా ఇంట్లో ఫ్యూజులు అన్నిసార్లు ఎందుకు పోయేవో అమ్మకి తెలియదు. నాకు తెలుసు.

నాకు నాచారం బడిలో ఉద్యోగం వచ్చింది. మిల్లు ఆ దారిలోనే. ఇక పెద్ద కథేమీ లేదు. పాటల్లేవు, చెట్ల చుట్టూ తిరగడాల్లేవు. సైకిలు నడిపించుకుంటూ ఆయనా, గొడుగు పట్టుకుని నేనూ, మధ్యలో అంత దూరం. పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు మొదటిసారి ఆయన పేరు అమ్మ చెవిన పడింది. అమ్మ అడిగిన మొదటి మాట ఇది: "మరి తెలుగు మాట్లాడతాడుగా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నా చేత్తో మజ్జిగ పోయించుకు తాగాడు. ఒక్కసారైనా చెప్పాడా? మోసగాడు" అంది. అదే మాట ఆయనతో అంటే, "ఒక్కసారన్న అడిగిందా?" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నాం. నేను మతం మార్చుకోలేదు, ఆయనా మార్చుకోలేదు. అమ్మ తలుపు వేసుకుంది.

మంచి తెలుగు మాట్లాడటం మోసమని అమ్మ అంది కదా, ఆ మోసమే ఒకసారి ఆయన ప్రాణం కాపాడింది. నగరంలో గొడవలు జరుగుతున్న రోజులు. బస్సులు ఆగిపోయాయి. ఆయన సైకిలు మీద వస్తుంటే తార్నాక దగ్గర కర్రలు పట్టుకున్నవాళ్లు ఆపారు. ఎవడివిరా అని అడిగారు. "మిల్లుల కరెంటు పని జేస్తనన్నా. ఇంట్ల పెండ్లాం ఒక్కతే ఉన్నది, జర పోనియ్యుండ్రి" అన్నాడట. వాళ్లు ఆ మాట విని, "మనోడే, పోనియ్" అన్నారు. మా అమ్మ పడ్డ పొరపాటే వాళ్లూ పడ్డారు. ఆయన ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించి, అక్కడే కూలబడిపోయాడు. సినిమాలో అయితే అక్కడ ఒక పెద్ద ఉపన్యాసం ఉండేది. నేను ఉప్పు కలిపిన నీళ్లిచ్చాను.

తెలంగాణ కావాలని గొడవ జరిగిన ఏడాది నా వంతు వచ్చింది. గుంటూరు యాస బయటపడుతుందని, బస్సులో నోరు విప్పొద్దని ఆయన నాకు చెప్పేవాడు. టిక్కెట్టు కూడా ఆయనే అడిగేవాడు. ఆ ఊళ్లో మనిషి ఎవరన్నది చెవితో తేల్చేవాళ్లు మా అమ్మ ఒక్కతే కాదు.

నా మొదటి కాన్పు మా అత్తగారి చేతుల మీద జరిగింది. నాకు వేడినీళ్లు పోసింది, సాంబ్రాణి వేసింది, నేను అమ్మా అని ఏడిస్తే ఆవిడే పలికింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లకి ఆరో ఏడు వచ్చేసరికి అత్తగారు పోయింది. ఆ వెంటనే నాకు మళ్లీ నెల తప్పింది. ఈసారి మొదటినుంచే బాగాలేదు. కాళ్లు వాచేవి, కళ్లు తిరిగేవి. మంచం దిగకూడదని లేడీ డాక్టరు చెప్పింది. మంచం దిగకపోతే వండేదెవరు, పిల్లని చూసేదెవరు? అంతకంటే, నాకు భయం వేసింది. ఈసారి బతకనేమో అనిపించింది. ఆ భయంలో నాకు కావలసింది ఒక్కటే. అమ్మ రావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముప్ఫై దాటినదాన్ని, పిల్ల తల్లిని, అమ్మ కావాలని దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

నాన్న మాత్రం బస్సు మారే వంకతో అప్పుడప్పుడు బడి దగ్గర ఆగేవాడు. నాన్న చేత కబురు పంపాను. "రాదమ్మాయ్" అని తిరిగొచ్చాడు. "ఏమంది?" అంటే, "ఏమీ అనలేదు. పప్పు రుబ్బుకుంటోంది" అన్నాడు.

సరిగ్గా ఆ నెలల్లోనే మద్రాసు నుంచి సినిమావాళ్లు నాచారం వచ్చి ఖాళీ జాగాలో వీధి సెట్టు వేశారు. ఒకవైపు గుడి ముఖద్వారం, ఇంకోవైపు మసీదు గోడ, వెనక్కి వెళ్లి చూస్తే రెండింటికీ అవే వెదురు బొంగులు. కథ మీకు నేను చెప్పక్కర్లేదు. హిందువుల అమ్మాయి, ముస్లిం అబ్బాయి, మతకలహం. అబ్బాయి మాత్రం గ్రంథంలో లాగా స్వచ్ఛమైన తెలుగు మాట్లాడేవాడు. ఎందుకంటారా, ఇందులో రెండు దారులూ కలిపేశారు, పిల్ల చచ్చాక చివర్లో వాడు హిందువుల బిడ్డని తేలాలి కదా! వాణ్ని పెంచిన వీధిలో మిగతా సాయిబులందరిదీ ముక్కలు ముక్కల తెలుగే. అంటే భాష రక్తంలో ఉంటుందన్నమాట.

మా ఆయన లైట్ల పనికి వెళ్లాడు. డాక్టరు వద్దన్నా నేను ఇంకా బడికి వెళ్తూనే ఉన్న రోజులవి. ఒక ఆదివారం పిల్లని తీసుకుని చూడ్డానికి వెళ్లాను. గొడవ సీను తీస్తున్నారు. గుంపు కోసం మిల్లు కార్మికుల్నే పిలిచారు. బట్టల మనిషి ఒకడు వరసలో నిలబెట్టి, ఈ వైపు వాళ్లకి టోపీలు, ఆ వైపు వాళ్లకి బొట్లు పంచుకుంటూ పోయాడు. మా పక్కింటి సాయిబుకి బొట్టు వచ్చింది. ఎల్లమ్మ గుడి పూజారి కొడుక్కి టోపీ వచ్చింది. ఇద్దరూ ఒకే బీడీ పంచుకుని కాల్చి, పిలవగానే కర్రలు పట్టుకుని ఒకరి మీదికొకరు ఉరికారు. దర్శకుడికి నచ్చలేదు. "మీ కళ్లలో ద్వేషం ఏదయ్యా?" అని అరిచాడు. మళ్లీ ఉరకమన్నాడు. ఎండలో మధ్యాహ్నం దాకా ఉరుకుతూనే ఉన్నారు.

ఆ రోజు చిన్న వేషం వెయ్యాల్సిన మనిషి రాలేదు. గుంపు తరుముతుంటే హీరోయిన్ ఒక ముసలి సాయిబు ఇంటి తలుపు కొడుతుంది. ఆయన దాచిపెడతాడు, గడపలోనే గుంపుకి అడ్డం నిలబడి చచ్చిపోతాడు. ఒక్క మాటే ఉంది. పట్నం నుంచి మనిషిని పిలిపించే టైము లేదని, మా ఆయనకి తెల్లగడ్డం అంటించి నిలబెట్టారు. ఆయన తలుపు తీసి, మా ఇంట్లో మాట్లాడినట్టే అన్నాడు: "ఏడ్వకు బిడ్డా. నేనున్న గద, ఫికర్ జెయ్యకు."

దర్శకుడు తల పట్టుకున్నాడు. "అలా కాదయ్యా బాబూ. నువ్వు సాయిబువి. సాయిబులా మాట్లాడు."

"నేను సాయిబునే సార్."

అందరూ నవ్వారు. దర్శకుడూ నవ్వాడు. "సంతోషం. కానీ చూసేవాళ్లకి తెలియాలిగా" అని, తనే పలికి చూపించాడు. మా ఆయన నావైపు చూశాడు. పిల్ల, "అబ్బాకి గడ్డం!" అని వాళ్ల నాన్నని చూసి చప్పట్లు కొడుతోంది. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు: "అరే బేటీ, నువ్వు ఏడ్వకూడద్ హై! నీకీ కోసం హమ్ ఉన్నాడు కదా!"

"అద్భుతం!" అన్నాడు దర్శకుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పాతికేళ్ల కుర్ర దర్శకుడి మీద కాదు, ఎవరి మీదో తెలియదు. ఇంటికొచ్చాక, "హమ్ ఉన్నాడు ఏమిటండీ, సిగ్గు లేకుండా! మీ అమ్మ బతికుంటే ఏమనేది?" అన్నాను. "చెప్పు తీస్తుండె" అన్నాడు, గడ్డం బంక గీకుతూ. "పోనియ్ టీచరమ్మా. గంత సేపు లైట్ల కింద నిలవడి నిలవడి నా పానం తీసిన్రు."

సినిమా విడుదలయ్యేసరికి నాకు ఏడో నెల. పూర్తిగా మంచం మీదే ఉన్నాను. మన ఏరియాలో తీశారని ఉప్పల్ ఉప్పలంతా చూడ్డానికి వెళ్లింది. నాన్న అమ్మని తీసుకెళ్లాడట. నేను బడికి రావడం లేదు కాబట్టి నాన్న మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు.

"ఆ పిల్ల చచ్చిపోతుంటే మీ అమ్మ హాలంతా వినపడేట్టు ఏడ్చిందమ్మాయ్" అన్నాడు.

"ఏ పిల్ల?"

"సినిమా పిల్ల."

నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. "బతికున్న పిల్ల ఇక్కడ కాళ్లు వాచి పడుంది నాన్నా. నేను కూడా చస్తే గానీ ఏడవదా?"

నాన్న తల దించుకునే చెప్పాడు. ముసలి సాయిబు గడపలో పడిపోయినప్పుడు అమ్మ, "పాపం, ఎంత మంచివాడండీ" అని కళ్లు తుడుచుకుందట. "గడ్డం చూసి పోల్చుకోలేదా, మనల్లుడే" అన్నాడట నాన్న. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మ అన్నదట: "మొదటి రోజే అలా మాట్లాడి ఉంటే నేను మోసపోయేదాన్నా?"

లోపల పిల్లకి జడ వేస్తున్న మా ఆయన చెయ్యి ఆగింది. మర్నాడు మిల్లుకి వెళ్లకుండా సైకిలు తీసుకుని ఎటో వెళ్లాడు.

మధ్యాహ్నం వాకిట్లో రిక్షా ఆగింది. అమ్మ దిగింది. చంకలో మూట, మూటలో వాము, శొంఠి, కరక్కాయలు, పాత చీరలు. మంచం దగ్గరికి వచ్చి నా కాళ్లు చూసి, "ఇంత వాపుంటే ఉప్పెవరు తినమన్నారే నిన్ను?" అంది. ఏడేళ్ల తర్వాత అమ్మ నాతో అన్న మొదటి మాట అది. నేను అమ్మ నడుము పట్టుకుని ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నా జుట్టులో చెయ్యి పెట్టి, పేలేమైనా ఉన్నాయా అన్నట్టు వెతుకుతూ నిలబడింది.

వెనకాలే ఆయన వచ్చాడు. గడప దాటకుండానే చేతులు కట్టుకుని, "అత్తమ్మా, నువ్వు వచ్చినాడు, హమ్‌కీ బహుత్ ఖుషీ హై" అన్నాడు.

నా ఏడుపు ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. ఆ తర్వాత నాన్న చెప్పాడు. పొద్దున ఆయన అమ్మవాళ్ల గుమ్మంలో నిలబడి, ఆ సినిమా తెలుగులోనే, నీ బిడ్డకీ తబియత్ ఖరాబ్ హై, ఒక్కసారి రావాల్ హై అని బతిమాలుకున్నాడట. తార్నాకలో ప్రాణం కాపాడిన నోటితోనే. అమ్మ తలుపు రెక్క పట్టుకుని అంతా విని, "ఇప్పుడు నిజం మాట్లాడుతున్నాడు" అని మూట కట్టుకుందట.

అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు ఆయన్ని నిలదీశాను. కోపం కంటే ఎక్కువగా నాకు నీరసం. "ఇదెంతవరకండీ?"

"ఆమె వచ్చింది గద టీచరమ్మా. నువ్వు కడుపు నిండ తింటున్నవు. నాకు గంతే సాలు."

"మీకు అవమానంగా లేదా?"

"ఎందుకు లేదు? ఉన్నది" అన్నాడు. అని బిందె తీసుకుని నీళ్లకి వెళ్లిపోయాడు.

కాన్పు కష్టమైంది కానీ గట్టెక్కాను. మగపిల్లవాడు. అమ్మ నన్ను కంటికి రెప్పలా చూసింది, అబద్ధం చెప్పకూడదు. కంచు గ్లాసులో అల్లుడికి మళ్లీ మజ్జిగ పోసింది. ఉప్పల్ నుంచి ఇంటావిడ పిల్లవాణ్ని చూడ్డానికి వస్తే, "మా అల్లుడికి మన భాష రాదు పాపం, మనసు మాత్రం వెన్న" అని గొప్పగా చెప్పింది. ఇంటావిడ నోరు తెరిచి నా వైపు చూసింది. ఆయన లాగిన వైర్ల కిందే ఆవిడ పదేళ్లుగా ఉంటోంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. చెప్పడానికి ఓపిక లేదు. చెబితే అమ్మ మూట సర్దుకుంటుందేమోనన్న భయం కూడా ఉంది.

అమ్మ వెళ్లి మళ్లీ వచ్చేది, వచ్చి నెలలు ఉండేది. ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో అలాగే మాట్లాడేవాడు. పెరట్లోకి వెళ్తే మాత్రం పిల్లలతో తన మాట తను మాట్లాడుకునేవాడు. ఒక సాయంత్రం ఆయన పిల్లవాణ్ని భుజాన వేసుకుని, "ఏంది బిడ్డా, గిట్ల ఏడుస్తవు? సూడు, సందమామ గెట్లొచ్చిందో" అని తిప్పుతున్నాడు. అమ్మ చెంబు పట్టుకుని పెరటి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. నేను మంచం మీంచి చూస్తూనే ఉన్నాను. అమ్మ అక్కడే నిలబడి ఆ మాటలన్నీ వింది. మజ్జిగ తాగిన రోజుల గొంతు అది. అమ్మ ముఖంలో కోపం కనపడలేదు. ఏం కనపడిందో నేను ఇప్పటికీ చెప్పలేను. వెనక్కి రెండడుగులు వేసి, గట్టిగా దగ్గింది. అప్పుడు తలుపు తోసుకుని వెళ్లింది. ఆయన ఆసరికి, "అరే బేటా, నువ్వు ఏడ్వకూడద్ హై" అంటున్నాడు.

అప్పటినుంచి పెరట్లోకి వెళ్లే ముందల్లా అమ్మ దగ్గేది. ఆయనకి వ్యవధి ఇచ్చేది. అమ్మకి తెలుసని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని అమ్మకి తెలుసు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పట్టుకుని అడగాలని నాకు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. అడిగితే మళ్లీ ఎవరు తలుపు వేసుకుంటారో అని మింగేసేదాన్ని. అలా మింగీ మింగీ అలసిపోయాను.

ఒకరోజు పెరట్లో ఆయన పిల్లకి లెక్కలు చెబుతున్నాడు, నేను పక్కనే గుడ్డలు మడతపెడుతున్నాను. లోపల అమ్మ దగ్గింది. ఆయన లెక్కలో పడి వినిపించుకోలేదు. పిల్ల పలక మీంచి తల కూడా ఎత్తకుండా, మోచేత్తో ఆయన్ని పొడిచింది.

"అబ్బా, అమ్మమ్మ దగ్గుతుంది. మాట మార్చు."

ఆయన మార్చాడు.